భయం చచ్చిపోతున్నది ఫేడర్ దగ్గరే

ఉలికిపాటు వేరు, గుబులు వేరు. వెనక నుంచి ఎవరైనా 'భౌ' అంటే ఉలిక్కిపడతాం, మరుక్షణం నవ్వేస్తాం. అర్ధరాత్రి పెరట్లో చింతచెట్టు కింద ఏదో కదిలినట్టనిపిస్తే పుట్టే గుబులు మాత్రం ఇంట్లోకొచ్చి గడియ పెట్టుకున్నా పోదు. మన హారర్ సినిమాలు చాలా ఏళ్ళుగా గుబులు పుట్టిస్తామని టికెట్ కోసి ఉలికిపాటు చేతిలో పెడుతున్నాయి. దీనికి దర్శకుల్ని తిట్టడం తేలిక. వాళ్ళ తప్పు లేదనను. అసలు జబ్బు మాత్రం ప్రొజెక్షన్ రూమ్‌లో, సౌండ్ ప్రాసెసర్ మీద హాలు శబ్దాన్ని పెంచే, తగ్గించే ఫేడర్ అనే ఒక చిన్న మీట దగ్గర ఉంది.

ముందు పాత సంగతి ఒకటి. 1942లో వచ్చిన హాలీవుడ్ హారర్ సినిమా 'క్యాట్ పీపుల్'. నిర్మాత వాల్ ల్యూటన్‌కి ఆర్‌కేఓ స్టూడియో పెట్టిన షరతుల్లో రెండు: ఖర్చు లక్షన్నర డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు మించకూడదు. అంత తక్కువ డబ్బుతో మృగాన్ని తెర నిండా చూపించలేరు. దర్శకుడు జాక్ టూర్నర్ చప్పుడును నమ్ముకున్నాడు. రాత్రి పూట, పార్కు గోడ పక్కన ఆలిస్ ఒంటరిగా నడుస్తుంటుంది. వెనకే ఇరీనా, తాను చిరుతగా మారిపోతానని నమ్మే మనిషి. సంగీతం లేదు. రెండు జతల హీల్స్ టకటకమంటుంటాయి, అంతే. ఒక చోట వెనక జత ఆగిపోతుంది. ఆలిస్ అడుగు వేగం పెంచుతుంది, తిరిగి చూస్తుంది. ఖాళీ రోడ్డు, వీధి దీపాలు. ఆమె పరుగందుకుంటుంది. అప్పుడు తెర పక్క నుంచి బుస్సుమంటూ ఏదో దూసుకొస్తుంది. చూస్తే సిటీ బస్సు. ఈ ఎత్తుగడకు హాలీవుడ్‌లో ఇప్పటికీ 'ల్యూటన్ బస్' అనే పేరు.

బస్సు రాగానే జనం సీట్లోంచి ఎగిరిపడతారు, నిజమే. కానీ వాళ్ళను పట్టుకున్నది అంతకు ముందే, హీల్స్ చప్పుడు ఆగిన క్షణంలో. తర్వాతి ఎనభై ఏళ్ళలో వచ్చిన అనుకరణలు చాలావరకు బస్సునే తెచ్చుకున్నాయి, హీల్స్‌ని వదిలేశాయి.

వదిలేస్తే ఏమవుతుందో మన ఒళ్ళే చెబుతుంది. పెద్ద శబ్దానికి కనురెప్ప పడటానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. అది నరాల పని, కథతో దానికి సంబంధం లేదు. అదే శబ్దం మళ్ళీ మళ్ళీ వస్తే నరాలు పట్టించుకోవడం మానేస్తాయి. పైగా ప్రేక్షకుడికి వ్యాకరణం వచ్చేసింది: ఆర్‌ఆర్, అంటే నేపథ్య సంగీతం, రెండు మూడు సెకన్లు తగ్గిందంటే దబ్‌మని ఏదో పడబోతోందని చెవులు మూసుకుంటాడు. మొదటి దెబ్బకి అరిచినవాడు ఆరో దెబ్బకి ఫోన్ తీస్తాడు. అందుకని ఏడో దెబ్బ ఇంకా గట్టిగా కొడతారు.

మన నేల మీద భయం ఎలా పుడుతుందో మన ఊళ్ళకు తెలుసు. రాత్రంతా కీచురాళ్ళు అరుస్తుంటే అది మనకు నిశ్శబ్దం కిందే లెక్క. చెవి దాన్ని పట్టించుకోదు. అవి ఉన్నట్టుండి ఆగిపోతే మంచం మీద పడుకున్నవాడు తల ఎత్తుతాడు. దగ్గర్లో అడుగు అలికిడైతే కీచురాయి నిజంగానే నోరు మూస్తుంది. అంటే ఆగిన చోట ఎవరో ఉన్నారు.

దీన్ని సినిమాలో కట్టాలంటే పెద్ద ఖర్చేమీ లేదు. సీన్ మొదలైనప్పటి నుంచీ హాలు పక్క గోడలకీ వెనక గోడకీ ఉండే సరౌండ్ స్పీకర్లలో కీచురాళ్ళ ట్రాక్ సన్నగా నడవాలి. కనీసం నిమిషంన్నర, చెవి దాన్ని మరిచిపోయేంత సేపు. ముందు ఎడమ వైపువి ఆపాలి. నాలుగైదు సెకన్లకు వెనకవి. ఆ తర్వాత కుడివి. ఇంటి చుట్టూ ఏదో తిరుగుతోందని తెర మీద ఒక్క ఫ్రేమ్ చూపించకుండానే హాలంతటికీ తెలిసిపోతుంది. వెనక వైపును విడిగా పలికించాలంటే సరౌండ్‌ని కుడి, ఎడమలుగా మాత్రమే విడదీసే 5.1 సౌండ్ చాలదు, వెనక వైపుకీ వేరే ట్రాక్‌లుండే 7.1 కావాలి. పొరపాట్లు జరిగేది ఇక్కడే. ట్రాక్‌ని ఒకే ఫ్రేమ్‌లో టక్కున కోసేస్తే థియేటర్ స్పీకర్ పోయిందనుకుంటారు. అర సెకను పాటు దిగేలా తగ్గించాలి. గాలి ఊపిరిలాంటి రూమ్ టోన్‌ని అలాగే ఉంచాలి. ఎక్కడో దూరంగా ఒక కీచురాయిని వదిలేయాలి. ఇంకొక్క మాట, ఆ సమయంలో కింద వయొలిన్ పెట్టారో మొత్తం పోయినట్టే. 1963లో హిచ్‌కాక్ 'ది బర్డ్స్'లో మామూలు నేపథ్య సంగీతమే లేదు. బడిలో పిల్లలు పాడుకుంటుంటారు, బయట కూర్చున్న కథానాయిక వెనక కాకులు ఒక్కొక్కటిగా వచ్చి వాలుతుంటాయి. ఆ సీన్‌కి వయొలిన్ అవసరం పడలేదు.

మరి మనవాళ్ళు ఇలా ఎందుకు చేయరు? చేసినా హాల్లో వినపడదు కాబట్టి. చదివేవాళ్ళను కాస్త ఓపిక పట్టమంటున్నాను, గొడవంతా ఇక్కడే ఉంది. డాల్బీ ప్రాసెసర్‌లో ఫేడర్ అంకె 7 ఉంటే మిక్సింగ్ స్టూడియోలో విన్న శబ్దమే హాల్లో వస్తుంది. తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో మీటర్ పెట్టి, పింక్ నాయిస్ అనే పరీక్ష హోరు పంపి, తెర వెనక ఒక్కో స్పీకర్ 85 డెసిబెల్స్, 5.1లో ఒక్కో సరౌండ్ 82 వచ్చేలా సరిచేస్తారు. ఆ పైన ఫేడర్‌ని ఒక అంకె దించితే సుమారు 3.3 డెసిబెల్స్ తగ్గుతాయి. నాలుగున్నరకి దించితే ఎనిమిదికి పైగా పోతాయి. స్టూడియోలో 38 దగ్గర పెట్టిన కీచురాళ్ళు హాల్లో 30కి పడిపోతాయి. మంచి హాల్లో కూడా ఏసీ హోరు ఇంచుమించు అంతే ఉంటుంది. పాప్‌కార్న్ నమిలే చప్పుడు దానికి అదనం. వినపడని కీచురాళ్ళు ఆగినా ఎవరికి తెలుస్తుంది?

ఫేడర్ ఎందుకు దిగుతుంది? సినిమాకి ముందు పడే నగల దుకాణం యాడ్‌లు, ట్రైలర్లు చెవులు చిల్లులు పడేలా ఉంటాయి. ఎవరో లేచి అరుస్తారు. ఆపరేటర్ నాలుగున్నరకి దించుతాడు. సినిమా మొదలయ్యాక మళ్ళీ పెంచేవాడు ఉండడు. ఈ సంగతి మిక్సింగ్ ఇంజినీర్లకు తెలుసు. అందుకని గుసగుసని కూడా మాటంత గట్టిగా, మాటని అరుపంత గట్టిగా కలుపుతారు. ఆ సినిమా వచ్చాక హాల్లో మళ్ళీ ఎవరో అరుస్తారు, ఫేడర్ ఇంకాస్త దిగుతుంది. ఫైట్లున్న సినిమా ఈ చక్రాన్ని తట్టుకుంటుంది. పాటలున్నదీ తట్టుకుంటుంది. హారర్ ఒక్కటే తట్టుకోలేదు, దాని ప్రాణమంతా ఆ కింది పది డెసిబెల్స్‌లోనే ఉంది.

మన ప్రేక్షకుడికి ఓపిక లేదు, ఈలలూ కేకలూ కావాలి, 2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడింది కూడా అందుకే అనే వాదన ఉంది. నవ్విస్తూ భయపెట్టడంలో తప్పేం లేదు. కానీ 1992లోనే 'రాత్రి'తో రామ్ గోపాల్ వర్మ దెయ్యాన్ని మామూలు కుటుంబం ఉండే ఇంట్లోకి తెచ్చాడు. 2022లో 'మసూద' పెద్ద హీరో లేకుండా, ఒక తల్లి, ఒక కూతురు, పక్క ఫ్లాట్ కుర్రాడితో నెమ్మదిగా కథ నడిపి జనాన్ని రప్పించింది. ఓపిక లేదనడం ప్రేక్షకుడి మీద వేసే నింద.

ఇంతకీ మనం దేని గురించి కొట్లాడుతున్నాం? టికెట్ రేటు గురించి. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35 ఇచ్చిన నాటి నుంచీ ఎంత రేటు, ఎన్ని షోలు, ఎన్ని రోజులు అంటూ కోర్టుల దాకా వెళ్ళాం. పెద్ద సినిమా వచ్చిన ప్రతిసారీ రెండు రాష్ట్రాల్లోనూ అదే చర్చ. ఆ డబ్బుకి హాల్లో ఏం వినిపించాలన్న మాట ఒక్కరి నోటా రాదు. థియేటర్ లైసెన్స్ అంటే ఫైర్, కరెంటు, పార్కింగ్ గుర్తొస్తాయి. ఎడమ సరౌండ్‌లో రెండు స్పీకర్లు చచ్చి మూడేళ్ళయినా ఎవరికీ పట్టదు. మూడొందలు తీసుకుని సగం సినిమా వినిపించడం ప్రేక్షకుణ్ణి మోసం చేయడమే. తూకంలో రాయి తక్కువైతే కొట్టువాణ్ణి నిలదీసే మనం దీన్నెందుకు భరిస్తున్నాం?

బాగు చేయడానికి కొత్త పరికరాలు కూడా అక్కర్లేదు. డిజిటల్ సర్వర్‌లో ప్లేలిస్టు కట్టేటప్పుడే ఫేడర్ దానంతటదే మారేలా ఆటోమేషన్ క్యూ పెట్టుకోవచ్చు. యాడ్‌లు, ట్రైలర్లు నాలుగున్నరలో, సెన్సార్ సర్టిఫికెట్ పడగానే ఏడు. ఒక్కసారి పెడితే ఆపరేటర్ మీట ముట్టుకోనక్కర్లేదు. ట్రైలర్ ఎంత గట్టిగా ఉండాలో అమెరికాలో పరిశ్రమే హద్దు పెట్టుకుంది, లెక్-ఎం అనే సగటు శబ్ద కొలతలో 85. మన నిర్మాతల మండలి, ఫిల్మ్ ఛాంబర్ కూర్చుంటే ఇలాంటి కొలతని ఇక్కడా ఒప్పించగలవు. అది వచ్చేదాకా హారర్ అభిమానుల చేతిలో ఒక పని ఉంది. తెర నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, వరుస మధ్యలో సీటు తీసుకోండి. గుసగుస మాటలు అందకపోతే ఇంటర్వెల్‌లో సమోసా క్యూలో నిలబడే ముందు ప్రొజెక్షన్ రూమ్ తలుపు తట్టండి, మల్టీప్లెక్స్ అయితే డ్యూటీ మేనేజర్‌ని పట్టుకోండి. "అన్నా, ఫేడర్ ఎంతలో ఉంది?" అని అడగండి. నాలుగున్నర అంటే, రెండో సగానికి ఆరు దాకా అయినా పెంచమనండి. అయిదు డెసిబెల్స్ తిరిగొస్తాయి.