సముద్రంపై విమానం నుంచి పదిహేను నిమిషాలకో కబురు చాలదు

విమానం సముద్రంలో కూలిందనగానే అందరూ బ్లాక్‌బాక్స్ గురించే అడుగుతారు. దానికుండే బీకన్ నీళ్లు తగలగానే సెకనుకోసారి కూత పెడుతుంది. అయితే ఆ కూత వినపడేది రెండు మూడు కిలోమీటర్ల లోపే. నాలుగు కిలోమీటర్ల లోతున ఉంటే పైన ఓడలో కూర్చుంటే వినపడదు. శబ్దగ్రాహకాన్ని కేబుల్‌తో లోతుకు దించి, ఓడను మెల్లగా నడుపుతూ ఈడ్చుకు తిరగాలి. మలేసియా విమానం ఎంహెచ్370 మాయమైన 2014లో బీకన్ బ్యాటరీ ఆయువు 30 రోజులు. ఆ విమానంలోని రెండు బ్లాక్‌బాక్సుల్లో ఒకటైన డేటా రికార్డర్ బీకన్‌కైతే 2012 డిసెంబరులోనే బ్యాటరీ గడువు తీరిపోయింది.

పైగా కూత వినపడకపోవడం వెతికేవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. 2009 జూన్ 1న 228 మందితో అట్లాంటిక్‌లో పడిపోయిన ఎయిర్ ఫ్రాన్స్ 447 చివరి స్థానం తెలుసు. దాని చుట్టూ 40 నాటికల్ మైళ్ల వృత్తం గీస్తే 17 వేల చదరపు కిలోమీటర్లు వచ్చింది. శిథిలాలు ఆ స్థానానికి 12 కిలోమీటర్ల దూరంలోనే, 3,900 మీటర్ల లోతులో ఉన్నాయి. దొరికింది మాత్రం 2011 ఏప్రిల్‌లో! బీకన్ కోసం గాలించిన ఓడలు మొదటి నెలలోనే ఆ చుట్టుపక్కల తిరిగాయి. ఏమీ వినపడలేదు కాబట్టి అక్కడ లేదనుకున్నారు. రెండు బీకన్లూ మూగబోయి ఉంటే ఎలా అన్న ప్రశ్నతో గణాంక నిపుణులు సంభావ్యతల లెక్క తిరగరాశాక, శబ్దతరంగాలతో అడుగును వెతికే సోనార్‌కు వారం రోజులే పట్టింది.

ఎంహెచ్370కి ఆ చివరి బిందువు కూడా లేదు. 2014 మార్చి 8 తెల్లవారుజామున 2.22కి సైనిక రాడార్ నుంచి జారిపోయింది. ఆపై మిగిలినవి 8.19 దాకా ఉపగ్రహంతో జరిగిన కొద్దిపాటి సంకేతాల మార్పిడులే. సంకేతానికి పట్టిన సమయాన్ని బట్టి ఉపగ్రహానికి ఎంత దూరమో తెలుస్తుంది, ఏ దిక్కో తెలియదు. అందుకే బిందువుకు బదులు వేల కిలోమీటర్ల చాపం వచ్చింది. దాని వెంట 1.2 లక్షల చదరపు కిలోమీటర్ల అడుగుభాగం జల్లెడ పట్టి, 2017 జనవరిలో ఆపేశారు. తొలి వారం దక్షిణ చైనా సముద్రంలో వెతకడంతో తేలే శకలాలు చెదిరిపోయాయి. రెక్క భాగం ఒకటి 16 నెలల తర్వాత రీయూనియన్ దీవికి కొట్టుకొచ్చింది.

మన బంగాళాఖాతమూ ఇందుకు మినహాయింపు కాదు. 2016 జులైలో 29 మందితో మాయమైన వాయుసేన రవాణా విమానం ఏఎన్-32లో విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులూ ఉన్నారు. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శిథిలాల జాడ 2024 జనవరిలో గానీ బయటపడలేదు.

2018 నుంచి సముద్రంపై ఎగిరే విమానాలు 15 నిమిషాలకోసారి స్థానం తెలపాలన్న అంతర్జాతీయ ప్రమాణం అమల్లోకొచ్చింది. లెక్క వేయండి. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో 15 నిమిషాల్లో 225 కిలోమీటర్లు. ఆ వ్యాసార్ధంతో వృత్తం గీస్తే దాదాపు 1.6 లక్షల చదరపు కిలోమీటర్లు. ఎంహెచ్370 కోసం 2017 దాకా గాలించినదానికన్నా ఎక్కువ! అదే నిమిషానికోసారైతే 700 చదరపు కిలోమీటర్లు. ప్రమాదంలో పడితే నిమిషానికోసారి దానంతటదే స్థానం పంపే ఏర్పాటు కొత్తగా తయారయ్యే, 27 టన్నులు దాటిన విమానాలకే తప్పనిసరి. పాతవి ఇంకో రెండు దశాబ్దాలైనా ఎగురుతాయి. సుదూర సముద్రమార్గాల్లో తిరిగే పాత విమానాల్లో చాలావాటికి ఉపగ్రహ యాంటెన్నాలు ఇప్పటికే ఉన్నాయి. వాటికైనా ఈ 15 నిమిషాల గడువును ముందు కుదించాలి.