నిజాం గారి చదివింపులు

లండన్ రాజకుటుంబంలో ఎవరి మెడలోనైనా ఆ వజ్రాల హారం కనిపిస్తే చాలు, మనవాళ్లకు పూనకం వస్తుంది. 'మన నిజాం గారు పెట్టిందే!' అంటూ ఫొటో ఫార్వర్డ్ చేసేస్తారు. 2014లో కేట్ మిడిల్టన్ వేసుకున్నప్పుడూ ఇదే సంబరం.

సరే, గర్వపడదాం. 1947 నవంబర్ 20న ఎలిజబెత్ యువరాణి పెళ్లి. పాత టోపీ పెట్టుకుని, చౌక చార్మినార్ సిగరెట్లు కాల్చే ప్రపంచ కుబేరుడు మన ఉస్మాన్ అలీ ఖాన్ గారు. పైసా పైసా లెక్క చూసుకునే ఆ పెద్దాయన లండన్ పిల్ల విషయంలో మాత్రం కార్టియర్ నగల దుకాణానికి కబురు పెట్టారు: అమ్మాయికి నచ్చింది ఇచ్చేయండి, బిల్లు మాకు పంపండి. అమ్మాయి ఏమాత్రం మొహమాటపడలేదు. 300కి పైగా వజ్రాలున్న హారం, దానికి తోడు ఓ కిరీటం ఎంచుకుంది.

అదే మన ఊరి పెళ్లయితే మైకు మోగిపోయేది. "హైదరాబాదు వాస్తవ్యులు, శ్రీ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారు పెళ్లికూతురికి చదివించినది హారం ఒకటి, కిరీటం ఒకటీ! పోరుబందరు వాస్తవ్యులు, శ్రీ మోహన్‌దాస్ గాంధీ గారు చదివించినది, స్వయంగా వడికిన నూలుతో గుడ్డ ఒకటీ!" ఆ గుడ్డను చూసి పెళ్లికూతురి నాయనమ్మ మేరీ రాణి గోచీ అనుకుని మొహం చిట్లించిందట. హారం దగ్గర ఆవిడకు అలాంటి అనుమానమేమీ రాలేదు.

మరి మారు చదివింపు? మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ విమానదళానికి డబ్బు కట్టినందుకు 'నమ్మకమైన మిత్రుడు' అన్న బిరుదైనా దక్కింది. ఈసారి అదీ లేదు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాదులోకి వచ్చిన ఆ ఐదు రోజుల్లో నమ్మకమైన మిత్రుడి కోసం లండన్ నుంచి ఒక్క సిపాయి కదల్లేదు. కిరీటాన్ని కూడా 1973లో విప్పేసి, ఆ వజ్రాలతో వేరే కెంపుల కిరీటం చేయించుకున్నారు.

అసలు ఆ బిల్లు కట్టిందెవరు? నిజాం సొంత ఆస్తి సర్ఫ్-ఎ-ఖాస్ అంటే ఏమిటనుకున్నారు, ఆయన దున్నిన పొలమా? ఊళ్లకు ఊళ్లు, వాటి మీద శిస్తు. అటు దొరల గడీల్లో వెట్టి, కల్లాల దగ్గర లెవీ పేరుతో ధాన్యం లాక్కోవడం. ఈ పెళ్లికి ఏడాది ముందే, 1946 జులై 4న, కడవెండి ఊళ్లో, దొరకు ఎదురు నిలిచిన దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చి చంపారు. తన రాజ్యంలో రైతు నెత్తుటికి పూచీ లేదు గానీ, ఏడు సముద్రాల అవతల పెళ్లికూతురి మెడ బోసిగా ఉంటుందని బెంగ! సిగ్గులేకపోతే సరి. కొమరయ్య ఇంటికి ఎవరేం పంపారో చెప్పండి, అప్పుడు గర్వపడతాను.