బొమ్మకి ఫ్రేము, పుస్తకానికి కత్తి

ఈమధ్య జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు ఎవరింటికి వెళ్లినా సోఫా వెనక గోడ మీద పాత జెరూసలేమో, ఈజిప్టు కర్నాక్ గుడి స్తంభాలో, ఎల్లోరా గుహో కనిపిస్తోంది. "ఒరిజినల్ లితోగ్రాఫ్ అండీ, నూట ఎనభై ఏళ్ల నాటిది" అని గర్వంగా చెప్తారు. లితోగ్రాఫ్ అంటే రాతి మీద గీసి కాగితం మీదికి తీసిన అచ్చుబొమ్మ. బాగుంటుంది, కాదనను. నా దగ్గరా కొన్ని ఉన్నాయి. కానీ "ఇది ఏ పుస్తకంలోది?" అని అడిగానా, మొహాలు తెల్లబోతాయి. పుస్తకమేంటి అంటారు.

పుస్తకమే. మార్కెట్లో తిరిగే పాత శిథిలాల, పుణ్యక్షేత్రాల లితోగ్రాఫుల్లో చాలావరకు ఏదో ఒక పుస్తకం కోసం అచ్చయినవే. వాటిని బ్లేడుతో కోసి, ఒక్కో ప్లేటుకి, అంటే బొమ్మ ఉన్న పేజీకి, మౌంటు కట్టి విడివిడిగా అమ్ముతున్నారు. లెక్క తేలిక. పూర్తి పుస్తకం కొనాలంటే పెద్ద డబ్బున్న ఒక్క మనిషి దొరకాలి. ఇరవై ప్లేట్లుగా విడగొడితే మామూలు జీతగాళ్లు ఇరవై మంది దొరుకుతారు. మిగిలిన అట్టలు, వ్యాసం ఉన్న పేజీలు ఎవరికీ అక్కర్లేదు, తూకానికి పోతాయి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అలాంటి బోడి పుస్తకాలు నా కంటపడ్డాయి. విప్పితే ప్లేటు ఉండాల్సిన ప్రతిచోటా సన్నటి కాగితపు అంచు మాత్రం మిగిలి ఉంటుంది. చూస్తే ఒళ్లు మండుతుంది.

వీటిలో అందరికంటే ఎక్కువగా అమ్ముడుపోయేవాడు డేవిడ్ రాబర్ట్స్. స్కాట్లండ్ చిత్రకారుడు. 1838-39లో ఈజిప్టు, సినాయ్, పెట్రా, జెరూసలేం, ఇప్పటి లెబనాన్‌లోని బాల్‌బెక్ తిరిగి బొమ్మలు గీసుకొచ్చాడు. వాటిని రాతి మీదికి ఎక్కించింది బెల్జియంలో పుట్టిన లూయీ హాగ్. కుడిచెయ్యి పుట్టుకతోనే సరిగా లేదు, పనంతా ఎడమచేత్తోనే చేశాడు. ఆ బొమ్మల పుస్తకం 1842 నుంచి 1849 దాకా లండన్‌లో భాగాలు భాగాలుగా వెలువడింది. ముందే డబ్బు కట్టిన చందాదారుల్లో విక్టోరియా రాణి కూడా ఉంది.

ఆ పని ఎంత గొప్పదో తెలియాలంటే రాయి సంగతి తెలియాలి. 1796 ప్రాంతంలో సెనెఫెల్డర్ అనే జర్మన్ కనిపెట్టిన పద్ధతి ఇది. బవేరియాలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయి మీద జిడ్డు పెన్సిల్‌తో గీస్తారు, తరవాత రాయిని తడుపుతారు. జిడ్డున్నచోట ఇంకు పట్టుకుంటుంది, తడి ఉన్నచోట పట్టుకోదు. ఆ పెన్సిల్ గీతలోని రవ్వలాంటి గరుకు కాగితం మీద అలాగే దిగుతుంది. పాడుబడ్డ గోడల గరుకుదనం, ఎండలో పెచ్చులూడిన రాయి ఇందులో పలికినట్టు రాగిరేకు మీద చెక్కి తీసిన అచ్చులో పలకవని నా అభిప్రాయం. పైగా ఇది మనకి పరాయి విద్య కూడా కాదు. నస్తాలీఖ్ లిపికి సీసపు అక్షరాలు కుదరక ఉర్దూ పుస్తకాలు చాలాకాలం రాతి అచ్చు మీదే బతికాయి. ఛత్తాబజార్‌లో పెళ్లికార్డులు వేయించుకునేవాళ్లలో ఇది ఎంతమందికి తెలుసో.

సరే, ప్లేటు కోసేస్తే ఏం పోతుంది? రాబర్ట్స్ పుస్తకంలోని పవిత్రభూమి (జెరూసలేం ప్రాంతం) సంపుటాల్లో బొమ్మల పక్కన జార్జ్ క్రోలీ రాసిన వ్యాసం, రాబర్ట్స్ సొంత డైరీ తునకలు ఉంటాయి. బాల్‌బెక్ గుడి ద్వారం ప్లేటే తీసుకోండి. ద్వారం మీది నడిమి రాయి కిందికి జారి, పక్కరాళ్ల మధ్య ఇరుక్కుని వేలాడుతూ ఉంటుంది. ఏదో చిత్రకారుడి ఊహ అనుకుంటారు చూసినవాళ్లు. కాదు, 1759 భూకంపాల్లో నిజంగానే జారింది. తరవాతి కాలంలో దాన్ని సరిచేశారు. అంటే ఆ బొమ్మ ఒక సాక్ష్యం. ఈజిప్టులోని అబూ సింబెల్ గుడి కూడా అంతే, ఆయన గీసినప్పుడు సగం ఇసుకలో ఉంది. 1960ల్లో అస్వాన్ డ్యాం కోసం ఆ గుడిని ముక్కలుగా కోసి పైకి తరలించారు కాబట్టి, ఆ బొమ్మలోని చోట ఇప్పుడు నీళ్లే. వివరం పక్కనుంటే ఇది సాక్ష్యం, వివరం పోతే సోఫాకి మ్యాచింగ్.

మన సంగతికొస్తే ఇంకా బాధ. బ్రిటిష్ వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ 1845లో అజంతా, ఎల్లోరా లాంటి గుహాలయాల లితోగ్రాఫులు వేయించాడు. అప్పుడవి నిజాం రాజ్యంలోవి! కెమెరా లూసిడా (ఎదుటి దృశ్యం కాగితం మీద ఉన్నట్టు కనిపించేలా చేసే పరికరం) పెట్టి కొలతలు తప్పకుండా గీసుకున్న మనిషి. ప్లేట్లు పెద్ద సైజులో ఒక సంపుటం, వ్యాసం చిన్న సైజులో వేరే సంపుటం. అసలే విడిగా పుట్టినవి, ఆపై కత్తి. ఆయనే 1868లో అమరావతి శిల్పాల మీద ఫోటోలు, లితోగ్రాఫులు కలిపి ఇంకో పెద్ద పుస్తకం వేశాడు. ఆ ఫలకాల్లో ఎన్నో లండన్‌లో ఉన్నాయి. అలాంటప్పుడు ఏ బొమ్మ ఏ ఫలకానిదో చెప్పే పేజీ చించి పారేస్తే ఇక్కడ కూర్చున్న మనం దేన్ని పట్టుకుని చదువుకోవాలి?

ఇక్కడ ఒక వాదన ఎప్పుడూ వస్తుంది: "నేను కొనకముందే కోసేశారు కదా, నేను వదిలేస్తే మళ్లీ పుస్తకంలో అతుక్కుంటుందా?" కొంత నిజమే. అన్ని విడి ప్లేట్లూ దొంగ సొమ్ము కాదు. రాబర్ట్స్ ఖరీదైన రంగుల ప్రతుల్లో ప్లేట్లని మొదట్నుంచే అట్టల మీద అంటించి విడిగా ఇచ్చారు. కానీ తాజాగా కోసినది పట్టిస్తుంది. కాగితమంతా పండుబారి, ఒక్క ఎడమ అంచు మాత్రం తెల్లగా, నిటారుగా ఉంటే అది ఈమధ్య కోతే. ఒకే పుస్తకంలోని నాలుగు ప్లేట్లు ఒకే దుకాణంలో వరసగా కనిపించాయంటే ఇంకేం సాక్ష్యం కావాలి? అక్కడ కొనడమంటే తర్వాతి పుస్తకానికి అడ్వాన్స్ ఇవ్వడమే.

రంగుల మోసం వేరే. ఆ కాలంలో కుంచెతో వేసిన రంగు సౌమ్యంగా ఉంటుంది. నలుపు-గోధుమ ఛాయల్లోనే అచ్చయిన ప్లేటుని ఇప్పుడు వాటర్‌కలర్‌తో ముస్తాబు చేసి రెట్టింపు ధర చెప్తారు, ఆకాశం నీలం చూస్తేనే తెలిసిపోతుంది. ఇంక ఆఫ్‌సెట్ నకళ్లు, అంటే ఈకాలపు మెషీన్ అచ్చులు: భూతద్దం కింద చుక్కలు చుక్కలుగా కనిపిస్తే వదిలేయండి, లితోలో పెన్సిల్ రవ్వ ఉంటుంది, వరస చుక్కలు ఉండవు. ఇంగ్లిష్ చిత్రకారులు డానియల్స్ వేసిన ఆక్వాటింట్లని (రాగిరేకు అచ్చులు) లితోగ్రాఫులని అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకే తెలియదేమో పాపం.

కొన్నాక ఇంట్లో మనం చేసేదీ తక్కువ కాదు. ఫ్రేం కట్టే అతను మామూలు అట్ట వేసి, వెనక సెల్లోటేప్ కొట్టిస్తాడు. ఆ అట్టలోని యాసిడ్ కొన్నేళ్లకి కాగితం చుట్టూ గోధుమరంగు గీత కట్టేస్తుంది. వానాకాలం తేమకి మచ్చలు. పడమటి కిటికీ ఎదురుగా తగిలిస్తే మన ఎండకి రంగు పోతుంది. యాసిడ్ లేని బోర్డు అడిగి వేయించుకోండి, ఖర్చు కొంచెం ఎక్కువే, గొడవ పడైనా సరే.

మీ తాతగారి బీరువాలో బైండింగ్ ఊడిన పాత ప్లేట్ల పుస్తకం ఉండి, అమ్మేద్దామనుకుంటే, దయచేసి ప్లేట్లు మాత్రమే కావాలన్నవాడికి ఇవ్వకండి. ధర తగ్గినా పూర్తి పుస్తకంగా తీసుకునే లైబ్రరీకో, సేకరించేవాళ్లకో ఇవ్వండి. అలా ఎవరూ దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టండి. కొనే స్తోమత నాకు లేకపోయినా, కొనేవాళ్లు ఎవరో కనుక్కుంటాను.