ఒకే దేశం, ఒకే విమానం

విమానం ఎక్కేవాడికి ఈ దేశంలో ఇన్నాళ్లూ ఉన్న పెద్ద టెన్షన్, ఏ కంపెనీ టికెట్ కొనాలన్నది. ఆ బాధ తీర్చడానికి మన కంపెనీలు ఒకదాన్నొకటి కొనుక్కుంటూ చేస్తున్న సేవను ఎవరూ గుర్తించడం లేదు. ఒక్క పద్మ పురస్కారమైనా ఇవ్వలేదు.

ఈ సేవకు స్వర్ణయుగం 2007. జెట్ ఎయిర్‌వేస్ 1,450 కోట్లు పెట్టి సహారాను కొంది. ప్రభుత్వం తానేమీ తక్కువ తినలేదని ఎయిరిండియాను, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపేసింది. ఇక కింగ్‌ఫిషర్, డెక్కన్‌ల ముచ్చట వేరు. విదేశాలకు ఎగరాలంటే ముందు స్వదేశంలో ఐదేళ్లు నడిపి ఉండాలని అప్పట్లో రూలు. కింగ్‌ఫిషర్ మొదలైంది 2005లో. డెక్కన్ 2003లో. అంచేత కింగ్‌ఫిషర్ రెండేళ్ల వయసు కొనుక్కుంది! వయసుతో పాటు విమానాలూ వచ్చాయి. రూపాయి టికెట్లతో రైలు జనాన్ని ఎయిర్‌పోర్టుకు రప్పించిన డెక్కన్ పేరు మాత్రం పోయి కింగ్‌ఫిషర్ రెడ్ అయింది. కొన్నాళ్లకు ఆ రెడ్డూ పోయింది. 2012లో కింగ్‌ఫిషరే పోయింది. సహారాను మింగిన జెట్ 2019లో నేల మీద కూర్చుంది. పోటీ తగ్గించడం కోసం తమను తామే తగ్గించుకున్న ఇలాంటి త్యాగమూర్తులు వేరే రంగాల్లో కనపడరు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. హైదరాబాద్ నుంచి కడపకు ఎగిరిన ట్రూజెట్ 2022లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. ఎయిరిండియాను తీసుకున్న టాటాలు 2024 నవంబరులో విస్తారాను అందులో కలిపేశారు. ఈ విలీనం మీద, కంపెనీల మధ్య పోటీ తగ్గకుండా చూసే సింగపూర్ పోటీ కమిషన్‌కు ఎందుకో అనుమానం వచ్చి, తమ ఊరి నుంచి ఢిల్లీ, ముంబై, చెన్నై, తిరుచ్చిలకు సీట్లు తగ్గించబోమని హామీ రాయించుకుంది. చిన్న దేశం కదా, భయాలెక్కువ. మనం అలా కాదు. ఇప్పుడు దేశం లోపల ఎగిరే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఇండిగోలోనో, ఎయిరిండియా వారి విమానంలోనో ఉంటారు. అందులో ఇండిగో వాటాయే అరవై శాతం పైన.

గిట్టనివాళ్లు ఛార్జీలు పెరుగుతాయని బెదిరిస్తుంటారు. అది చిన్న విషయం. అసలు లాభం 2025 డిసెంబరులో తెలిసింది. అలసిన పైలట్ విమానం నడపకూడదని, వారానికి 48 గంటల విశ్రాంతి ఇవ్వాలని, రాత్రి ల్యాండింగులు తగ్గించాలని, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ రూలు పెట్టింది. రూలు వస్తుందని ఏడాదికి ముందే అందరికీ తెలుసు. ఇండిగో దగ్గర మాత్రం సరిపడా పైలట్లు లేకపోయారు. వేల సర్వీసులు రద్దయ్యాయి. జనం సూట్‌కేసులే తలగడలుగా ఎయిర్‌పోర్టుల్లో పడుకున్నారు. మిగిలిన కంపెనీల టికెట్లు చుక్కలనంటాయి. చివరికి 500 కిలోమీటర్ల లోపు దూరానికి 7,500 రూపాయలు మించి తీసుకోకూడదని ప్రభుత్వమే కళ్లెం వేయాల్సి వచ్చింది.

మరి తప్పు చేసిన విద్యార్థిని ఏం చేశారు? ప్రశ్నపత్రం మార్చారు. రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి దాకా మినహాయింపు ఇచ్చారు. తర్వాత సర్వీసులు పది శాతం తగ్గించుకోమన్నారు, నోటీసులూ ఇచ్చారు, కాదనను. కానీ ముందు వంగింది రూలే. పదో వంతు వాటా ఉన్న కంపెనీ అయితే రూలు పాటించేది, లేదా మూతపడేది. అరవై శాతం ఉన్నదాన్ని మూయించే ధైర్యం ఎవరికి ఉంటుంది? విమానయాన మంత్రి మన శ్రీకాకుళం వారే. అంతకుముందు విజయనగరం వారూ చేశారు. ఉత్తరాంధ్ర నుంచి ఎవరొచ్చినా, ఢిల్లీలో ఆ కుర్చీ ముందు ఉండేది ఆ రెండు కంపెనీలే.

కాబట్టి నా మనవి. ఈ రెండు కంపెనీలను కూడా కలిపేసి పని పూర్తి చేయండి. 1953లో ఒకసారి విమానాలన్నీ ప్రభుత్వం చేతిలో పెట్టాం, మళ్లీ 1994లో ఆ చట్టం తీసేశాం. ఈసారి చట్టం ఖర్చు కూడా లేదు, ఒక్క సంతకం చాలు. టికెట్ల యాప్‌లో ధరలు పోల్చే బటన్ తీసేయొచ్చు. లేటైతే ఎవరిని తిట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

ఒక్కటే సందేహం. ఈ విలీనం మీద మన పోటీ కమిషన్‌కు ఎప్పుడైనా కోపం వచ్చి విచారణకు బయల్దేరితే, ఆ అధికారులు ఎవరి టికెట్ కొంటారు? అదృష్టం కొద్దీ కమిషన్ ఢిల్లీలో ఉంది, రెండు కంపెనీల హెడ్డాఫీసులూ గురుగ్రామ్‌లో ఉన్నాయి. మెట్రోలో వెళ్లిరావచ్చు.