ఎడమచేతి వాటం

52 ఏళ్లు వచ్చాక మనిషికి మోకాళ్ల నొప్పులు రావాలి. నాకు స్పోర్ట్స్ కారు వచ్చింది. రెండే సీట్లు, ఎర్ర రంగు, నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. ఇద్దరు యజమానుల చేతుల్లో నలిగి నా దగ్గరికి చేరింది. "ఆ నొప్పులేవో అందులోంచి దిగేటప్పుడు వస్తాయిలెండి" అంది మా ఆవిడ.

మూడో రోజుకే దాని బుద్ధి బయటపడింది. స్టీరింగు మీద చేయి సడలిస్తే చాలు, బండి ఎడమకు పోతుంది. 2002 నుంచి విశాఖ బీచ్ ఒడ్డున సేదతీరుతున్న కురుసుర జలాంతర్గామి దగ్గర బయలుదేరి ఋషికొండ దాటేసరికి నా భుజాలు కాడి మోసినట్టు అయ్యాయి.

పక్క సీట్లో మా బావగారు. మా ఆవిడకు అన్నయ్య. ఆయన్ని నేను బావగారూ అంటాను, నన్ను ఆయనా బావగారూ అనే అంటారు. వినేవాళ్లకు ఎవరు ఎవరో తేలదు. నిండైన విగ్రహం. ఆయన ఎక్కినప్పుడల్లా కారు చిన్న నిట్టూర్పు విడుస్తుంది. అప్పట్లో నేను దాన్ని పట్టించుకోలేదు.

"సముద్రపు గాలి బావగారూ! భీమిలి వైపు వెళ్తుంటే సముద్రం కుడిపక్క కదా, గాలి మనల్ని ఎడమకు తోస్తోంది" అని తేల్చారు.

నిజమే అనిపించింది. తిరుగు ప్రయాణంలో సముద్రం ఎడమపక్కకు వచ్చింది. బండి మాత్రం మళ్లీ ఎడమకే పోయింది.

"ఇప్పుడు సముద్రం లాగుతోంది" అన్నారు, ఏమాత్రం తడబడకుండా.

తరువాత రోడ్డు మీద పడ్డారు. వాన నీరు నిలవకుండా రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఏ బండైనా కాస్త అటే జారుతుంది. ఇది మాత్రం శాస్త్రమే. అయితే చదునైన ఖాళీ మైదానంలో నడిపినా నా కారు ఎడమనే నమ్ముకుంది. ముందు టైర్లు రెండింటిలోనూ 28 చొప్పున గాలి పట్టించాను. కుడి టైరు ఎడమకు, ఎడమది కుడికి మార్పించాను. లోపం టైరులో ఉంటే ఈసారి కుడికి లాగాలి. లాగలేదు. చక్రాల కోణాలు సరిచూసే వీల్ అలైన్‌మెంట్ కుర్రవాడు తెర మీద అంకెలన్నీ పచ్చగా చూపించి డబ్బులు తీసుకున్నాడు. ఆ సమయంలో బావగారు బయట టీ తాగుతున్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

చివరికి ఆటోనగర్‌లో ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాం. మాటలు తక్కువ మనిషి. ముందు చక్రాలను చేత్తో తాకి చూశాడు. బ్రేకు పట్టేసి ఉంటే ఆ చక్రం మిగతావాటికంటే వేడిగా ఉంటుందట. లేదు. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు, అది చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ కోసం. అటూ ఇటూ పట్టుకుని ఊపాడు, ఇది స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ కోసం. ఎక్కడా వదులు లేదు. తనొక్కడే నడిపి చూసి వచ్చాడు.

"సూటిగానే వెళ్తోంది సార్."

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇంకో చుట్టు తిప్పాడు. గీత గీసినట్టు వెళ్లింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"మీరు నడిపినప్పుడు పక్కన ఎవరుంటారు?"

ఇద్దరం ఒకేసారి టీ కొట్టు వైపు చూశాం. బావగారు రెండో పొట్లం పునుగులు విప్పుతున్నారు.

ఆయన వచ్చి కూర్చున్నారు. కారు నిట్టూర్చింది. మెకానిక్ గొంతుక్కూర్చుని టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేళ్లు పెట్టాడు. కుడివైపు నాలుగు వేళ్లు పట్టాయి. ఎడమవైపు రెండు కూడా ఇరుకే. టార్చి వేసి చూస్తే ఎడమ ముందు స్ప్రింగు అడుగు చుట్టు విరిగి ఉంది. ఉప్పుగాలికి తుప్పు తినేసింది. తక్కువ బరువు ఉన్నంతసేపూ విరిగిన ముక్క తన చోట బుద్ధిగా కూర్చుంటుంది, ఎక్కువ బరువు పడగానే కిందికి జారి ఆ మూల కుంగిపోతుంది.

"సార్ బరువు వల్ల మాత్రం కాదు" అన్నాడు మెకానిక్, ఎవరూ అడగకుండానే.

భార్య అన్నగారి బరువు గురించి నోరెత్తే ధైర్యం నాకు ఎటూ లేదు. ఆ అవసరమూ రాలేదు. "చూశారా బావగారూ, నేను లేకపోతే ఈ లోపం జన్మలో బయటపడేది కాదు" అని ఆయనే ఛాతీ విరుచుకున్నారు.

స్ప్రింగులు జతగా మార్చాలి కాబట్టి రెండూ కొన్నాను. మళ్లీ అలైన్‌మెంట్ చెయ్యాలన్నాడు. ఇలాంటి తేలిక బండ్లకు సీట్లో బరువు ఉంచి చేస్తే మంచిదట, ఇసుక బస్తాలు పెడతారట. చెబుతూ చెబుతూ బావగారి వైపు మర్యాదగా చూశాడు. ఆయన ముక్కాలు గంట కదలకుండా కూర్చుని పేపరు మొత్తం చదివేశారు, రాశిఫలాలతో సహా.

మొన్న ఆ మెకానిక్ నుంచి ఫోను వచ్చింది. కారు ఎలా ఉందని అడుగుతాడనుకున్నాను.

"సార్, మీ బావగారు రేపు ఖాళీయేనా? ఇంకో స్పోర్ట్స్ కారు వచ్చింది."