బావగారి నుదుటి మీద లక్ష ల్యూమెన్లు

మన డెల్టాకి ఉన్న పర్వతశ్రేణి ఏటిగట్టు ఒక్కటే. అలాగని ట్రెక్కింగ్ మానేస్తామా? శనివారం వస్తే అమలాపురం కుర్రాళ్లు, కుర్రాళ్లమనుకునే బావగార్లు మారేడుమిల్లి దారి పడుతున్నారు. టెంటు అద్దెకిస్తారు, బొంగు చికెన్ అక్కడే కాలుస్తారు. మన మేధస్సు చూపించాల్సింది హెడ్‌ల్యాంప్, అంటే నుదుటికి కట్టుకునే దీపం కొనడంలోనే.

మా బావగారు చూపించారు. డబ్బా మీద 1,00,000 ల్యూమెన్లు (వెలుగు కొలత లెండి), ధర 499. కారు హాలోజన్ బల్బు ఇచ్చేదే 1500 చుట్టుపక్కల. అంటే ఆయన నుదుటి మీద నుంచి ముప్పై పైచిలుకు కార్లు రెండేసి దీపాలతో ఎదురొస్తున్నాయన్నమాట. అడవిలో దారి కనపడటానికి 300 చాలు. కానీ 300 అని చెప్పుకుంటే బంధువుల్లో పరువేం మిగులుతుంది?

రాత్రి భోజనాలకి కూర్చున్నాం. బావగారు ఎవరిని పలకరిస్తే వారికి సూర్యోదయం. "ముక్క వేసుకోరా" అంటే మా తమ్ముడు కళ్లు మూసుకుని పక్కవాడి విస్తట్లో వేశాడు. అడవిలో పురుగులన్నీ ఆయన నుదుటి దగ్గర మహాసభ జరిపి, భోజన విరామానికి మా కూరలోకి దిగాయి. "ఎర్రలైటు పెట్టండి బావగారూ, చీకటికి అలవాటుపడ్డ చూపు చెడదు" అన్నాను. "ఎర్రలైటేంటయ్యా, రైల్వే గేటు పడిందా?" అన్నారు. (అమలాపురానికి రైలే రాలేదు, ఆయనకి గేటు బాధ ఎలా తెలిసిందో!) తొమ్మిదింటికి లక్షా ఒక్కసారే ఆరిపోయాయి. హమ్మయ్య అని అందరం కళ్లు తెరిచాం.

డబ్బా మాత్రం 100 గంటలంది. టార్చిలైట్లకి ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ఒకటుంది. దాని ప్రకారం కూడా వెలుగు మొదట్లో ఉన్నదానిలో పదో వంతుకి పడిపోయేదాకా గంటలు లెక్కేసుకోవచ్చు. అది నిజాయితీపరులకిచ్చిన వెసులుబాటు. ఈ డబ్బాకి అదీ చాల్లేదు.

బావగారిని చూసి నవ్వుకోవచ్చు. కానీ ఇదే దీపాన్ని రొయ్యల చెరువు కాపలా మనిషికీ అంటగడుతున్నారు. లోపలున్న 18650 సైజు సెల్లు మీద 9900 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే ఛార్జి కొలత) అని అచ్చు. ఆ సైజులో 3500 దాటించడానికి పేరున్న కంపెనీలే కిందామీదా పడతాయి. అర్ధరాత్రి చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ ఆగితే వానలో చెరువుగట్టు మీద పరిగెత్తాల్సింది ఆ మనిషి. గట్టు మీద కట్లపాము, నీళ్ల పక్కన కరెంటు వైరు. సరిగ్గా అప్పుడే దీపం కొండెక్కుతుంది. ఇది మోసం కాదు, హత్యాయత్నం. ఆ 9900 అచ్చేసిన వెధవని పట్టుకొచ్చి, వాడి దీపమే వాడి తలకి కట్టి, శ్రావణమాసపు ముసురు రాత్రి ఆ గట్టు మీదకి తోలాలి. కాళ్లకి చెప్పులు కూడా ఇవ్వకూడదు.