ఒకానొక మొక్క పక్షాన ఓట్ల అభ్యర్థన

2024 లోక్‌సభ ఎన్నికలలో శ్రీకాకుళం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి, గంజాయి చట్టాన్ని సవరించాలని ఓట్లు అడగడానికి మా వీధి మాస్టారు ఒకరు సంకల్పించారు. ఆయన వృక్షశాస్త్రం బోధించి రిటైరైనవారు. బీడీ ముట్టి ఎరుగరు, ఆ మాటకొస్తే రెండో కప్పు కాఫీకే మొహమాటపడతారు. నన్ను ప్రచార సలహాదారుగా నియమించుకున్నారు గనుక, ఆ ప్రయత్నం నామినేషన్ దాకానైనా సాగకపోవడానికి గల కారణాలను నివేదించే బాధ్యత నాపై ఉంది.

మొదటి ప్రత్యర్థి ఏ పార్టీవాడూ కాదు, మన భాషే. ‘తులసివనంలో గంజాయి మొక్క’ అంటూ ఆ మొక్కకు సామెత ఏనాడో శిక్ష వేసేసింది. పార్లమెంటు తరువాత వచ్చి దానిని ధ్రువీకరించింది, అంతే. అందుకే గంజాయిని కూకటివేళ్లతో పెకలిస్తామన్న ప్రతిజ్ఞ ఏ వేదిక మీదైనా చెల్లుతుంది. ఆ ప్రతిజ్ఞకు చప్పట్లు కొట్టడానికి జనాన్ని తీసుకొచ్చిన ఆటోలో క్వార్టర్ సీసాలు గలగలమన్నా అది ఎవరికీ అపశ్రుతిగా తోచదు. పోలింగు ముగిసే వేళకు ముందు 48 గంటలు మద్యం దుకాణాలు మూసి ఉంచాలన్నది చట్టం. 49వ గంటకే సరుకు గ్రామాలకు చేరాలన్నది ఆచారం. మన జిల్లాలో రెంటికీ సమాన గౌరవం దక్కుతోంది.

మాస్టారు మాత్రం ఏడు రోడ్ల జంక్షన్‌లో మొదటి ప్రసంగాన్నే పాఠంగా మార్చేశారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్కకు పూత లేదా కాయ పట్టిన కొన మాత్రమేననీ, కొన లేకుండా విడిగా ఉన్న ఆకూ గింజా ఆ నిర్వచనంలోకి రావనీ, అందుకే ఉత్తరాదిలో కొన్నిచోట్ల ఆ ఆకుతో చేసే భంగు లైసెన్సు దుకాణాలలోనే దొరుకుతుందనీ నల్లబల్ల లేని లోటు తెలియకుండా వివరించారు. కిలో లోపు దొరికితే ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గని శిక్ష, పైగా నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని కోర్టుకు తోస్తే తప్ప బెయిలు లేదు. ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దగ్గరో, రైలు పెట్టెలోనో చిక్కే కుర్రవాడు సంచి మోసినందుకు కూలి మాత్రమే పుచ్చుకుంటాడు. బరువు మాత్రం పూర్తిగా వాడి ఖాతాలోనే పడుతుంది. సంచి కట్టించినవాడిని ఇంతవరకు ఏ త్రాసూ తూచలేదని మాస్టారి ఫిర్యాదు. ఈ చట్టం అమలులోకి వచ్చిన తేదీ నవంబరు 14, బాలల దినోత్సవం. పిల్లల భవిష్యత్తు పట్ల మన పాలకుల శ్రద్ధకు ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

ఆయన కోరింది కిల్లీ కొట్లో గంజాయి అమ్మించమని కాదు. అలవాటుపడ్డవాడిని ఆసుపత్రికి పంపాలనీ, సంచి మోసినవాడికీ వ్యాపారికీ తేడా చూడాలనీ, ముందుగా ఒక కమిషన్ వేసి జనాన్ని అడగాలనీ మాత్రమే. 1893లో పరాయి ప్రభుత్వం అలాంటి కమిషన్ వేసి, సుమారు 1,200 మంది సాక్షులను విచారించి, మితమైన వాడకంతో చెప్పుకోదగ్గ హాని లేదని ఏడు సంపుటాలలో రాయించింది. మన 1985 బిల్లు ఆగస్టు 23న లోక్‌సభకు వచ్చి, సెప్టెంబరు 16 నాటికి రాష్ట్రపతి ఆమోదం కూడా పొందింది. స్వరాజ్యంలో పనులు త్వరగా జరగవని ఎవరన్నారు?

న్యూజిలాండులో 2020 సాధారణ ఎన్నికలతో పాటే గంజాయిని చట్టబద్ధం చేయాలా అని జనాభిప్రాయం అడిగితే, తన ఓటు ఎటో ప్రధానమంత్రి పోలింగు ముగిసేదాకా బయటపెట్టలేదు. ఆ ప్రతిపాదన స్వల్ప తేడాతో ఓడిపోయింది. ఓడినా సరే, అడిగారు కదా అని మాస్టారు మురిసిపోయారు.

సూర్యమహల్ జంక్షన్ దగ్గర ఒక తల్లి మాత్రం, “మా గుంటడు రేత్రి ఇంటికే రావట్లేదు మాస్టారూ, మీరు దాన్నింకా సులువు చేసేత్తారేటి?” అని అడిగింది. ఆ ప్రశ్నను ఎగతాళి చేసే ధైర్యం నాకు లేదు. మాస్టారు జవాబు చెప్పడానికి చాలాసేపు వెతుక్కున్నారు.

చివరి దెబ్బ ప్రెస్సు దగ్గర తగిలింది. ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి పేరూ చిరునామా విధిగా ఉండాలి. గంజాయి అన్న మాట పక్కన తన పేరు చూసుకోవడం ఆ ముద్రాపకుడికి ఇష్టం లేకపోయింది. ఎంతో బతిమాలిన మీదట, “ఒకానొక మొక్కపై ఆంక్షలు సడలించి, దానినే నమ్ముకున్న పేదలకు న్యాయం చేయిస్తాను” అని అచ్చువేయడానికి ఒప్పుకున్నాడు.

వారం తిరగకుండానే పలాస నుంచి, మందస నుంచి ఉద్దానం రైతులు పదిమంది మాస్టారి అరుగు మీదికి చేరారు. జీడి పిక్కల కాలం అది. ఇన్నాళ్లకు తమ చెట్టు కోసం ఒక అభ్యర్థి దొరికాడని వారి ఆనందం. పెద్దాయన ఒకరు కరపత్రాన్ని కళ్లకద్దుకుని, “అయితే మాస్టారూ, 80 కిలోల బస్తాకి ఎంత ఇప్పిత్తారేటి?” అని అడిగారు.

80ని 20తో భాగించుకున్న మాస్టారు, నామినేషన్ పత్రాలను ఆ సాయంత్రమే అటక మీదకు ఎక్కించేశారు.